ఆమవాతం: కీళ్ళు వంకరపోక ముందే చేయవలసిన ఔషధ చికిత్స

కీళ్ళనొప్పులన్నిటినీ మనవారు 'వాతం' అనే ఒక్క మాటతో సరిపెట్టుకొంటారు. అరవై దాటినవారి మోకాళ్ళ అరుగుదలా వాతమే. కాలి బొటనవ్రేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని బాధా వాతమే. ముప్ఫయి అయిదేళ్ళ ఇల్లాలికి తెల్లవారి లేవగానే పిడికిలి ముడుచుకోకపోవడమూ వాతమే. శాస్త్రం మాత్రం వీటిని వేరువేరుగా చూచినది. మొదటిది సంధిగతవాతం, రెండవది వాతరక్తం, మూడవది ఆమవాతం. ఈ మూడింటికీ ఒకే తైలం, ఒకే మాత్ర పనికిరావు. ఒకదానికి మేలు చేసే అభ్యంగనం మరొకదానికి కీడు చేస్తుంది. ఈ వ్యాసంలో మూడవదానిని గురించి, అందులోనూ అది కీళ్ళకు తెచ్చిపెట్టే ఉపద్రవాలను గురించి, వాటిని అడ్డగించగల మందులను గురించి మాత్రమే వ్రాస్తున్నాను. ఆధునిక వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని పిలిచే వ్యాధి లక్షణాలు చాలావరకు మన ఆమవాత లక్షణాలతో సరిపోతాయి.

చరకసంహితలో ఆమవాతానికి ప్రత్యేకాధ్యాయం లేదు. దానిని ఒక ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టి నిదానం చెప్పిన ఘనత మాధవకరునిది. జఠరాగ్ని మందగించినవాడు విరుద్ధాహారం తినడం, ఒళ్ళు కదలించకుండా కూర్చోవడం, లేదా నూనెలు నేతులతో కూడిన భోజనం చేసిన వెంటనే శ్రమపడడం వలన పచనం కాని అన్నరసం ఆమంగా మారుతుందనీ, వాతం దానిని కఫస్థానాలైన సంధులకు చేరుస్తుందనీ ఆయన వివరించినాడు. ఒళ్ళు నొప్పులు, అరుచి, దప్పిక, శరీరం బరువెక్కడం, జ్వరం, అజీర్తి, వాపు దీని లక్షణాలు. వ్యాధి ముదిరితే వచ్చే నొప్పిని తేలుకాటుతో పోల్చినారు. అనుభవించినవారికి ఆ పోలికలో అతిశయోక్తి కనిపించదు.

నేను గురుకులంలో చదువుకొన్న రోజులలో మా గురువుగారు ఇటువంటి రోగి రాగానే కీలును పట్టి చూచేవారు కారు. ముందు నాలుక చూచేవారు, తరువాత ఆకలిని గురించి అడిగేవారు, ఆపైన "ప్రొద్దున లేచిన తరువాత ఎంతసేపటికి మీ చేతులు మీ మాట వింటున్నాయమ్మా?" అనేవారు. ఆ మూడవ ప్రశ్ననే నేటి వైద్యులు కూడా అడుగుతారు. అరుగుదల వ్యాధిలో ప్రొద్దుటి బిగువు పది పదిహేను నిమిషాలలో, మహా అయితే అరగంటలో సడలుతుంది. ఆమవాతంలో గంట దాటినా సడలదు. రెండు చేతులలోనూ ఒకే తీరుగా వ్రేళ్ళ మొదళ్ళు, నడిమి కణుపులు, మణికట్లు వాస్తాయి. గోటి ప్రక్కనున్న చివరి కణుపు సాధారణంగా తప్పించుకొంటుంది. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇటువంటి వాపు ఆరు వారాలు దాటి నిలిచినట్లయితే ఇంటి వైద్యంతో కాలం గడపక ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. అనే రక్తపరీక్షలు చేయించుకొనవలెను. ఆర్.ఎ. ఫ్యాక్టర్ లేదని వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని అనుకోరాదు. రోగులలో సుమారు అయిదింట ఒకవంతు మందికి అది కనిపించదు.

నొప్పి తగ్గడం వేరు, కీలు దక్కడం వేరు

ఈ వ్యాసం మొత్తంలో పాఠకులు ఒక్క విషయమే గుర్తుంచుకొన్నా నాకు చాలును. కీలు లోపల ఒక పలుచని పొర ఉన్నది. కీలుకు కావలసిన జిగురును అదే ఊరిస్తుంది. ఆమవాతంలో ఆ పొర వాచి, దళసరియై, పెరిగి, ప్రక్కనున్న మృదులాస్థిని, తరువాత ఎముకను తినివేయడం మొదలుపెడుతుంది. చాలామందిలో ఈ తినివేత మొదటి రెండేళ్ళలోనే ఎక్స్‌రేలో కనబడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు నొప్పిని, బిగువును తగ్గిస్తాయి కాని ఈ తినివేతను ఆపవు. మనం ఇంటిలో కాచుకొనే తైలాలకు కూడా ఆ శక్తి లేదు. నొప్పి తగ్గినది కదా అని రోగి నిశ్చింతగా ఉంటాడు, లోపల ఎముక మాత్రం చెదపురుగు పట్టిన దూలంవలె తరుగుతూనే ఉంటుంది. మూడవ ఏట వ్రేళ్ళు చిటికెనవ్రేలి వైపు వాలిపోయిన తరువాత వైద్యుని వెదకుకొంటూ వస్తారు. ఒకసారి తరిగిపోయిన ఎముకను తిరిగి పూరించి వాలిన వ్రేలిని నిలబెట్టగల మందు ఆయుర్వేదంలో లేదు, అల్లోపతిలోనూ లేదు.

కనుక ఈ వ్యాధిలో కీళ్ళ ఉపద్రవాలకు ఔషధ చికిత్స అంటే ఉపద్రవం రాకముందు చేసేదే ముఖ్యం. ఆ పనికి వ్యాధి గతిని మార్చే మందులని ఆధునికులు ఒక వర్గాన్ని ఏర్పరచినారు. వాటిలో మొదటిది, నేటికీ చాలామందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్.

ఈ మందు పేరు వినగానే "అది క్యాన్సరు మందు కదండీ" అని భయపడేవారు ఎందరో. నిజమే, అది పుట్టినది ఆ పనికే. కాని దాని పుట్టుక తెలిస్తే తెలుగువారికి భయం కొంత తగ్గవచ్చును. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళక ముందు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినారు. తరువాత అమెరికాలో లెడర్లే పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1940ల నడుమ ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసినది, ఆ వెంటనే దానికి ప్రతికూలంగా పనిచేసే మెథోట్రెక్సేట్‌ను కూడా సృష్టించినది. నేడు మన ఆమవాత రోగి వారానికొకసారి వేసుకొనే మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గడానికి మరొక రోజున వేసుకొనే ఫోలిక్ ఆసిడ్, రెండూ ఆ ఒక్క బృందం చేతి పనియే. ఆయన 1948లో గతించినారు. కీళ్ళ వ్యాధికి ఈ మందును అమెరికా ప్రభుత్వం ఆమోదించినది ఆ తరువాత నలభై ఏళ్ళకు, 1988లో.

క్యాన్సరులో వాడే మోతాదు వేరు, ఇక్కడి మోతాదు వేరు. ఆమవాతంలో వారానికి 7.5 నుండి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతే 25 వరకు పెంచుతారు. 'వారానికి' అన్న మాట గట్టిగా పట్టుకొనవలెను. పొరపాటున రోజూ వేసుకొన్నవారికి నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణాపాయం కలుగుతుంది. మందు వేసుకొనే వారాన్ని ఇంటి గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకొని, ఇంటిలో చదువు వచ్చిన మరొకరికి కూడా చెప్పి ఉంచుట మేలు. దీని గుణం కనబడడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగు వారాలకే "పనిచేయలేదు" అని మానివేయరాదు. మొదట్లో రెండు మూడు వారాలకొకసారి, కుదుటపడిన తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తకణాల పరీక్ష, కాలేయ పరీక్ష తప్పనిసరి. మద్యం ముట్టరాదు. మూత్రంలో మంటకో దగ్గుకో వేరొక వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఈ మందు వాడుతున్నట్లు తప్పక చెప్పవలెను. కోట్రైమాక్సజోల్ అనే సాధారణమైన మాత్ర దీనితో కలిసినప్పుడు రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు.

సంతానం కోరుకొనే స్త్రీలకు మరొక మాట. మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది గనుక ఒకటి నుండి మూడు నెలల ముందే, వైద్యుని సలహాతో, దానిని ఆపవలెను. లెఫ్లునోమైడ్ అనే మందు శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, దానిని కడిగివేయడానికి వేరే మందు ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ గర్భకాలంలో కూడా వాడదగినవి. ఈ సంగతి తెలియక అత్తగారింటిలో మందు సంగతి దాచిపెట్టే కోడళ్ళను, మందులన్నీ ఒక్కసారిగా మాన్పించే అత్తగార్లను కూడా నేను చూచినాను. రెండు పనులూ కీళ్ళకు చేటే.

పై మందులు చాలనివారికి సూదిమందులుగా ఇచ్చే జీవౌషధాలున్నాయి. వాటిలో మొదటివి 1998, 1999 సంవత్సరాలలో ఆమోదం పొందినవి. ఖరీదు ఎక్కువ. వాటిని మొదలుపెట్టేముందు లోపల దాగియున్న క్షయ ఉన్నదేమో చూడవలసిందే. మన దేశంలో ఈ జాగ్రత్తకు మినహాయింపు లేదు.

స్టెరాయిడ్లు, పేరులేని పొట్లాలు

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఒక ఆమవాత రోగికి మొదటిసారిగా కార్టిజోన్ ఇచ్చినాడు. కదలలేని రోగి కొద్ది రోజులలో నడిచినది. 1950లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం వచ్చినది. దీర్ఘకాలం వాడితే ఆ మందు ఏమి చేస్తుందో లోకానికి తెలియడానికి కూడా ఎక్కువ కాలం పట్టలేదు. ఎముకలు గుల్లబారడం, మధుమేహం, తుంటి ఎముక చచ్చుబడడం, రోగనిరోధకశక్తి క్షీణించడం అందులో కొన్ని. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. మెథోట్రెక్సేట్ గుణం ఇచ్చేలోపు, తక్కువ మోతాదులో, కొద్ది కాలం ఇవ్వడం సబబే. వైద్యుని చేతిలో అది కత్తి. సంతలో అమ్ముడుపోయినప్పుడు అదే విషం.

గుంటూరు ప్రాంతం నుండి ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చినారు. నల్లబల్లమీద వ్రాయలేకపోతున్నానని మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్‌ను ఆమె నాలుగు నెలలకే మానివేసి, ఎవరో చెప్పగా ఒక 'మూలికా చూర్ణం' పట్టినారు. మూడవ రోజుకే నొప్పి మాయమైనదట. రెండేళ్ళు పట్టినారు. నేను చూచేసరికి ముఖం గుండ్రమై, పొట్ట పెరిగి, చేతులు సన్నబడి, చర్మం పలుచనై తాకితే కమిలిపోయే స్థితిలో ఉన్నది. రక్తంలో చక్కెర పెరిగినది. పొట్లంమీద తయారీదారు పేరు లేదు, తేదీ లేదు. ఆమవాతంలో మూడు రోజులకు నొప్పిని మాయం చేసే మూలిక నా నలభై ఏళ్ళ వైద్యంలో నాకు కనబడలేదు. ఆ గుండ్రని ముఖమే అందులో ఏమి కలిపినారో చెబుతున్నది. ఇటువంటి చూర్ణం వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి ఇవాళే ఆపివేయరాదు. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చును. వెంటనే వైద్యుని కలిసి, ఆయన పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను. ఆమెకు అలాగే చేయించి, కీళ్ళవ్యాధుల నిపుణునిచేత మెథోట్రెక్సేట్ మరల మొదలుపెట్టించి, పథ్యం, పాచనం నేను చూచుకొన్నాను. వాపు దిగినది, జ్వరం పోయినది, చక్కెర అదుపులోకి వచ్చినది. వాలిన నాలుగు వ్రేళ్ళు మాత్రం వాలినట్లే ఉన్నాయి. సుద్దముక్కను ఆమె ఇప్పుడు బొటనవ్రేలికీ అరచేతికీ నడుమ ఇరికించుకొని వ్రాస్తున్నారు.

ఆయుర్వేదం చేయగలిగినది

చక్రదత్తంలో ఆమవాత చికిత్సకు ఒక క్రమం ఉన్నది. లంఘనం, స్వేదనం, చేదు కారం రుచులుగల దీపన ద్రవ్యాలు, విరేచనం, ఆ తరువాతనే స్నేహపానం, వస్తి. ఈ క్రమంలో నూనె ఎక్కడ వచ్చినదో గమనించండి. ఆమం ఉండగా తైలమర్దనం చేస్తే వాపు ఎక్కువవుతుంది. నాలుక తెల్లగా పూతపట్టి, ఆకలి లేక, ప్రొద్దుట ఒళ్ళు బరువుగా ఉన్నన్నాళ్ళు తైలం సీసా అటకమీద ఉండడమే మంచిది. ఆప్యాయత కొద్దీ అమ్మలూ అత్తలూ నువ్వులనూనె వేడిచేసి వాచిన కీళ్ళను పిసుకుతారు, మరునాడు రోగి లేవలేదు.

దానికి బదులు రూక్షస్వేదం చేయవలెను. శుభ్రమైన ఇసుకను మూకుడులో వేయించి, మందపాటి గుడ్డలో మూటకట్టి, ముందు తమ చేతివెనుక వేడి చూచుకొని, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టవలెను. కీలు ఎర్రగా కాలిపోతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు వద్దు. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి ఎంత వేడి తగులుతున్నదో తెలియదు గనుక మరొకరు దగ్గర ఉండి చేయవలెను.

కషాయాలలో రాస్నాసప్తకం ప్రసిద్ధం. రాస్న, తిప్పతీగ, రేల, దేవదారు, పల్లేరు, ఆముదపు వేరు, గలిజేరు అనే ఏడింటిని కాచి శొంఠిపొడి కలిపి ఇస్తారు. రాస్న పేరిట ఉత్తరదేశంలో వాడే మొక్క వేరు. దక్షిణాదిన అంగళ్ళలో ఆ పేరిట దుంపరాష్ట్రమే దొరుకుతుంది. ఆముదాన్ని మన గ్రంథకర్తలు ఈ వ్యాధికి శ్రేష్ఠమైన మందుగా పేర్కొన్నారు. ఒకటి రెండు చెంచాల ఆముదం శొంఠి కషాయంలో కలిపి, వైద్యుడు చెప్పిన కొద్ది రోజులు తీసికొంటే విరేచనమై శరీరం తేలికపడుతుంది. గర్భిణులు, ప్రేగుల వ్యాధులున్నవారు, కృశించినవారు తీసికొనరాదు. త్రిఫల, గుగ్గులు, శుద్ధ గంధకం, ఆముదంతో చేసే సింహనాద గుగ్గులు కూడా వైద్యుని అనుమతితోనే. గర్భిణులకు ఇదీ నిషిద్ధమే. నల్లజీడి, నాభి వంటి విషద్రవ్యాలున్న మందులమీద 'వైద్యుని పర్యవేక్షణలో వాడవలెను' అని ముద్రించవలసినదిగా చట్టమే శాసించినది. ఆ అక్షరాలు చదివి కొనండి.

తిప్పతీగను గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కరోనా రోజులలో దానిని ఇంటింటా కాచుకొని త్రాగినారు. 2021లో ముంబయి వైద్యులు దానిని వాడిన కొందరిలో కాలేయపు వాపును గుర్తించి ప్రకటించినారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. వాదం ఎటు తేలినా, మెథోట్రెక్సేట్ స్వయంగా కాలేయంమీద భారం వేసే మందు. కనుక ఆ మందు వాడేవారు తిప్పతీగ ఉన్న కషాయాన్ని తమంతట తాము త్రాగరాదని నా అభిప్రాయం. ఇద్దరు వైద్యులకూ తెలిసి, కాలేయ పరీక్షలు సక్రమంగా జరుగుతున్నప్పుడే త్రాగవలెను.

"ఆయుర్వేదం ఒక్కటే చాలదా?" అని అడిగేవారికి ఒక సమాధానం. కోయంబత్తూరులో 43 మంది రోగులకు 36 వారాలపాటు, కొందరికి ఆయుర్వేదం, కొందరికి మెథోట్రెక్సేట్, కొందరికి రెండూ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినదీ తెలియనీయకుండా పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించినారు. మూడు వర్గాలవారూ ఇంచుమించు సమానంగానే కోలుకొన్నారు. ఇది మనకు సంతోషం కలిగించే ఫలితమే. కాని 43 మంది చాలా తక్కువ. పదేళ్ళ తరువాత ఎవరి ఎముక నిలుస్తుందో 36 వారాలు చెప్పలేవు. అంతవరకు, ఎముకను కాపాడుతుందని ఎక్స్‌రేల సాక్ష్యంతో నిలిచిన మందును మాన్పించే సాహసం నేను చేయను.

కొన్ని ఉపద్రవాలు, వాటి సంగతి

ఒక్క మోకాలు మాత్రమే నీరుచేరి వేధిస్తుంటే నిపుణుడు నీరు తీసి కీలులోపలే స్టెరాయిడ్ సూది వేస్తాడు. అది శరీరమంతటికీ ప్రాకే భారం తక్కువ గనుక భయం లేదు. ఒకే కీలుకు ఏడాదిలో మూడు నాలుగు సార్లు మించకూడదు. మోకాలి వెనుక నీటితిత్తి ఏర్పడి పగిలితే పిక్క వాచి నొప్పిపెడుతుంది. రక్తనాళంలో గడ్డ కట్టినా ఇవే లక్షణాలుంటాయి, కనుక ఆ పిక్కను మర్దించక స్కానింగ్ చేయించవలెను. మిగిలిన కీళ్ళు శాంతించి ఉండగా ఒక్క కీలు హఠాత్తుగా ఎర్రబడి, చలిజ్వరం వస్తే అది చీము కావచ్చును. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు అకస్మాత్తుగా పైకి లేవకపోతే స్నాయువు తెగినదని గ్రహించి శస్త్రవైద్యుని చూడవలెను. మందు దానిని అతకదు.

మెడ విషయం అన్నిటికంటె ముఖ్యం. ఏళ్ళతరబడి వ్యాధి ఉన్నవారిలో మెడలోని మొదటి రెండు పూసల బంధం సడలుతుంది. అటువంటివారు క్షౌరశాలలో మెడ విరిపించుకొనడం, మాలీషు చేయించుకొనడం ప్రాణాంతకం. మెడ కదలికతో చేతులలో కరెంటు ప్రాకినట్లుంటే ఆలస్యం చేయరాదు. వేరొక శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేముందు ఆ వైద్యునికి మెడ సంగతి చెప్పవలెను.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నవారికి ఇంటివారు దయతో కాళ్ళక్రింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది. కాని కొన్ని నెలలకు మోకాలు వంగిన భంగిమలోనే బిగుసుకొంటుంది. దిండు తీసివేసి, కాళ్ళు చాచి పడుకొనవలెను. వాపు తగ్గిన వెంటనే, గోరువెచ్చని నీటిలో వ్రేళ్ళను మెల్లగా ముడిచి చాచే అభ్యాసం రోజుకు రెండుసార్లు చేయవలెను.

పథ్యం

వేడినీరు, పాత బియ్యపు అన్నం, యవలు, కాకర, పొట్ల, మునగ, వెల్లుల్లి, అల్లం మంచివి. పెరుగు, మినపపిండి వంటకాలు, బెల్లపు పిండివంటలు, పాలు చేపలు ఒకే పూట తినడం, పగటినిద్ర కూడనివి. రాత్రిపూట పెరుగు అసలే వద్దు. ఇడ్లీ, గారె మానలేమనేవారు కనీసం వాపు ఉన్న నెలలలోనైనా ఉప్మాతో, గోధుమరవ్వ జావతో సరిపెట్టుకొనవలెను. ఉలవలు ఈ వ్యాధికి హితమని శాస్త్రం చెప్పినదని వినగానే మా ప్రాంతపు రోగుల ముఖాలు వికసిస్తాయి. ఉలవచారు త్రాగవచ్చును. అయితే దానిమీద గరిటెడు మీగడ వేసుకొనే అలవాటు మాత్రం ఆకలి కుదిరి, నాలుక శుభ్రపడి, ప్రొద్దుటి బిగువు అరగంట లోపలికి దిగేవరకు పెట్టుకొనవద్దు.